పాతాళం దాటబోయిన జాగ్రియస్

గ్రీకు పురాణాల్లో జాగ్రియస్ గురించి మిగిలింది చాలా కొద్ది. 'ఆల్క్మియోనిస్' అనే పాత కావ్యంలో ఆ పేరు ఉండేది, కానీ ఆ కావ్యమే మనకు దక్కలేదు. ఎస్కిలస్ నాటకాల తునకల్లో ఒకచోట అతను పాతాళ ప్రభువు హేడిస్ కొడుకులా కనిపిస్తాడు, మరోచోట హేడిసే జాగ్రియస్ అన్నట్టుంటుంది. క్రీ.శ. 5వ శతాబ్దంలో నోనస్ రాసిన 'డయొనైసియాకా' దగ్గరికి వచ్చేసరికి కథ పూర్తిగా వేరు. అక్కడ అతను దేవతల రాజు జ్యూస్‌కీ పర్సెఫొనీకీ పుట్టిన పసివాడు. టైటన్లనే పాతతరం దేవతలు ఆ బిడ్డను ముక్కలు చేస్తారు, తర్వాత అతనే మద్యదేవుడు డయొనైసస్‌గా మళ్లీ పుడతాడు. ఇన్ని కథల్లో తండ్రి ఎవరన్నదే తేలదు.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని సూపర్‌జెయింట్ గేమ్స్ అనే చిన్న సంస్థ తన వీడియో గేమ్ కోసం ఏరుకున్నది ఈ పేరునే. వాళ్లు మొదట గ్రీకు వీరుడు థీసియస్‌ను నాయకుడిగా పెట్టి, ఎద్దుతల రాక్షసుడు మైనోటార్ ఉండే చిక్కుదారుల్లో కథ నడుపుదామనుకున్నారు. ఆ ఆలోచన పక్కకు పోయింది. పోవడమే మంచిదైంది. థీసియస్ ఏం చేశాడో, ఎవరిని వదిలేసి వచ్చాడో లోకానికంతా తెలుసు, కొత్తగా చెప్పడానికి చోటెక్కడుంది? జాగ్రియస్ విషయంలో అంతా చోటే. 2018 డిసెంబరులో తొలి రూపంలో, 2020 సెప్టెంబరు 17న పూర్తి రూపంలో వచ్చిన ఆ ఆట పేరు 'హేడిస్'. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో పురస్కారం ఒక వీడియో గేమ్‌కు దక్కడం 2021లో ఈ ఆటతోనే మొదలు.

కథ చిన్నదే. జాగ్రియస్ హేడిస్ కొడుకు. తనను పెంచిన రాత్రి దేవత నిక్స్ తన కన్నతల్లి కాదని తెలుసుకుంటాడు. అమ్మ ఎక్కడో పైన ఉంది. తండ్రి ఆమె పేరెత్తనివ్వడు. కొడుకు కత్తి పట్టుకుని పాతాళపు పొరలైన టార్టరస్, ఆస్ఫడెల్, ఎలీసియం దాటి భూమ్మీదకు ఎక్కాలని బయలుదేరతాడు. దారిలో చస్తాడు. చచ్చిన ప్రతిసారీ స్టిక్స్ నది అతన్ని తిరిగి తండ్రి ఇంటికే చేరుస్తుంది. ఇంట్లో ఉన్న నెత్తుటి మడుగులోంచి తడిసి ముద్దయి లేస్తాడు. గుమ్మం దగ్గర కునికిపాట్లు పడుతూ నిలబడిన నిద్రాదేవుడు హిప్నోస్ జాబితా చూసి, ఈసారి ఎవరి చేతిలో పోయావో చెప్పి ఓ ఉచిత సలహా పారేస్తాడు. తండ్రి బల్ల ముందు కూర్చుని కాగితాల మీంచి తలెత్తకుండానే దెప్పుతాడు. కొడుకు తన గదిలోకి వెళ్లి, ఆయుధం ఎంచుకుని, మళ్లీ బయలుదేరతాడు.

1980లో వచ్చిన 'రోగ్' అనే ఆట నుంచి ఇలాంటి ఆటలకు ఒక వంశం ఉంది. గదులు ప్రతిసారీ మారతాయి, చస్తే మొదటికే. ఆ వంశంలో చాలా ఆటలకు చావంటే పలక తుడిచేయడమే. 'హేడిస్'లో అలా కాదు, చస్తేనే కథ ముందుకు కదులుతుంది. ఆటగాడు ఓడి ఇంటికొస్తే అక్కడ ఎవరో ఒకరు కొత్త మాటతో ఎదురుచూస్తుంటారు. రచయిత గ్రెగ్ కసావిన్ బృందం ఇందుకోసం 20 వేలకు పైగా సంభాషణలు సిద్ధం చేసింది. ఎవరి చేతిలో చచ్చాడు, ఏ దేవుడి వరం తీసుకున్నాడు, ఎవరితో ఇదివరకు ఏం మాట్లాడాడు అన్నవన్నీ చూసుకుని ఆట ఆ సందర్భానికి తగిన మాటను ముందుకు తెస్తుంది. జాగ్రియస్‌కు గొంతు ఇచ్చిందీ, ఆటకు సంగీతం కట్టిందీ డారెన్ కోర్బ్ ఒక్కరే.

ఈ పద్ధతికి చాలా పాత మూలం ఉంది. 1930లలో మిల్మన్ పారీ అనే పండితుడు యుగోస్లావియా పల్లెల్లో వీరగాథలు పాడేవాళ్లను రికార్డు చేశాడు. ఆయనా, ఆయన శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ కలిసి తేల్చింది ఇది: గాయకుడు కావ్యాన్ని బట్టీ పట్టడు. కొన్ని కట్టుడు పదబంధాలు, కొన్ని ఘట్టాల చట్రాలు అతని దగ్గరుంటాయి. వీరుడు ఆయుధాలు ధరించడం, విందు, ద్వంద్వయుద్ధం లాంటివి. వాటితో ప్రతి రాత్రీ కథను అప్పటికప్పుడు అల్లుతాడు. హోమర్ కావ్యాల వెనకున్న పనితనమూ అదేనని వాళ్ల వాదన. జాగ్రియస్ ప్రయాణాన్ని ఆ చెవితో వింటే పోలిక తెలుస్తుంది. ముందు ఆయుధం ఎంచుకోవడం, తర్వాత దేవతల వరాలు, టార్టరస్ చివర ప్రతీకార దేవత మెగేరాతో పోరు. చట్రం మారదు, కూర్పు మాత్రం ఎప్పటికప్పుడు కొత్తది. వరాలు కూడా దేవతల స్వభావంలోంచే పుట్టాయి. జ్యూస్ పిడుగు ఒకడి మీంచి ఇంకొకడి మీదకు దూకుతుంది, పొసైడన్ అల శత్రువును గోడకేసి కొడుతుంది, బిడ్డను పోగొట్టుకున్న డెమీటర్ ఇచ్చే వరం వణికించే చలి.

ఆటలో నన్ను అన్నిటికన్నా ఆపేసిన ఘట్టం ఓర్ఫియస్‌ది. డయొనైసస్‌తో కలిసి జాగ్రియస్ ఆ అమాయక గాయకుడిని ఆటపట్టిస్తాడు. మేమిద్దరం నిజానికి ఒక్కరమే అని నమ్మిస్తాడు. ఓర్ఫియస్ దాన్ని మనసారా నమ్మి పాట కట్టేస్తాడు. గ్రీసులో ఓర్ఫియస్ పేరు మీద నిజంగానే ఒక మత సంప్రదాయం ఉండేది. టైటన్లు చీల్చిన పసిదేవుడి కథను పండితులు కలిపేది దానితోనే. శతాబ్దాలుగా పొంతన కుదరని రెండు జాగ్రియస్‌లను రచయితలు ఒక చిలిపి అబద్ధంతో ముడివేశారు. పాత కథలో ఏదీ కాదనలేదు, అది ఎలా పుట్టి ఉంటుందో మాత్రం ఊహించారు.

మనవాళ్లకు ఇది తెలియని విద్య కాదు. 'మాయాబజార్' శశిరేఖ వ్యాసభారతంలో లేదు. అయినా 1957 నుంచి మన ఇళ్లలో ఆమె పెళ్లి భారతకథే. మూలం మౌనంగా ఉన్నచోట, మూలపాత్రల స్వభావం చెడకుండా మాట్లాడించగలగడం ఆ విద్య.

ట్రాయ్ యుద్ధ వీరుడు అకిలీస్ సంగతే చూడండి. 'ఒడిస్సీ'లో అతని ప్రేతం చచ్చినవాళ్లందరికీ రాజుగా ఉండటం కన్నా భూమ్మీద పేదవాడి దగ్గర కూలికి ఉండటం మేలంటుంది. 'ఇలియడ్'లో అతని ప్రాణమిత్రుడు పట్రోక్లస్ ప్రేతం తమ ఎముకలు ఒక్కచోటే ఉంచమని అడుగుతుంది. ఆటలో అకిలీస్ హేడిస్ ఇంటి కాపలాదారు, జాగ్రియస్‌కు యుద్ధం నేర్పిన గురువు. పట్రోక్లస్ ఎక్కడో ఎలీసియంలో ఒంటరిగా కూర్చుని ఉంటాడు, మొదట్లో తన పేరు కూడా చెప్పడు. వాళ్లిద్దరినీ మళ్లీ కలపడం ఆటగాడి ఓపిక మీద ఆధారపడి ఉంది. తొందరపడితే జరగదు, అటు ఇటు మాటలు మోస్తూ చాలాసార్లు చావాలి.

2005లో వచ్చిన 'గాడ్ ఆఫ్ వార్' నాయకుడు క్రేటోస్‌తో పోలిస్తే జాగ్రియస్ విలువ ఇంకా తెలుస్తుంది. క్రేటోస్ కోపం పెద్దది, ఆ ఆటల హంగు పెద్దది. మూడో భాగం ముగిసేసరికి దేవతల కొండ ఒలింపస్ దాదాపు శ్మశానం. దేవతలను చంపడం ఒక్కసారే కుదురుతుంది, ఆ తర్వాత చెప్పడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. క్రేటోస్‌ను నార్స్ దేవతల దేశానికి పంపాల్సివచ్చింది. జాగ్రియస్ దారి చివర అడ్డుపడే తండ్రిని మళ్లీ మళ్లీ ఓడిస్తాడు, మళ్లీ మళ్లీ అదే ఇంటికి వస్తాడు. వాళ్లు మాట్లాడుకోవడం నేర్చుకుంటారు.

నాకు మింగుడుపడని విషయం ఒకటుంది. డెమీటర్‌ను కీర్తించే హోమరిక్ స్తోత్రంలో పర్సెఫొనీ పూలు కోసుకుంటుంటే హేడిస్ ఎత్తుకుపోతాడు. దానికి ఆమె కన్నతండ్రి జ్యూస్ సమ్మతి ఉంది. పిల్ల అరుపు విన్న తల్లి డెమీటర్ భూమి మీద పంట లేకుండా చేస్తుంది. ఆటలో జాగ్రియస్ వెతికే అమ్మ ఈ పర్సెఫొనీయే; ఒలింపస్ మీద విసుగెత్తినది, పాతాళపు ప్రభువుతో ఇష్టంగా బతికినది. కుటుంబం మళ్లీ కలవాలంటే ఇలా మార్చక తప్పలేదని అర్థమవుతూనే ఉంది. అయినా ఆ అరుపు లేకుండా పోవడం ఈ కథకు నష్టమే. తండ్రుల ఒప్పందాల్లో కూతుళ్లు ఏమవుతారో అంత సూటిగా చెప్పిన ప్రాచీన కావ్యాలు అరుదు.

అందుకే ఆడబోయేవాళ్లకు నా మనవి: ముందు ఆ స్తోత్రం చదవండి. ఐదువందల పాదాల లోపే, ఒక్క సాయంత్రం చాలు. ఆటలు అలవాటు లేనివాళ్లు సెట్టింగుల్లో గాడ్ మోడ్ పెట్టుకోండి. తగిలే దెబ్బ మొదట 20 శాతం తగ్గుతుంది, చచ్చిన ప్రతిసారీ ఇంకో 2 శాతం చొప్పున 80 దాకా తగ్గుతూ పోతుంది. దానివల్ల కథలో ఒక్క మాట కూడా తగ్గదు.