కుట్టు మాది, ‘సమకాలీనం’ ఎవరిది?

దేవరకొండ, అచ్చంపేట తండాలకు డిజైన్ కాలేజీల నుంచి పరిశోధనకు వస్తుంటారు. పేటియా, కాంచళి ఫొటోలు తీస్తారు, గవ్వలు, అద్దాలు లెక్కపెడతారు. అలాంటి పత్రాలు కొన్ని చదివాం. కుట్ల బొమ్మలు బాగున్నాయి, మన బడిపిల్లలకూ పనికొస్తాయి.

పేచీ ఒక్క మాట దగ్గరే. మా యాడి, అంటే అమ్మ, పాలిస్టర్ గుడ్డకు ప్లాస్టిక్ అద్దం కుడితే ‘అంతరిస్తున్న సంప్రదాయం’ అట. అదే కుట్టు కాలేజీ పిల్ల ల్యాప్‌టాప్ సంచిమీద వేస్తే ‘సమకాలీన హస్తకళ’! అద్దం ఎందుకు మార్చావని యాడిని ఎవరూ అడగలేదు. అడిగితే, ఆ బరువు బట్టలతో పత్తి ఏరలేమని చెప్పేది.

కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుకు 2010లో జీఐ గుర్తింపు వచ్చింది. అక్కడి ఆడవాళ్లు దాన్ని సంచులమీద, దిండు గలీబులమీద కుట్టి అమ్ముతున్నారు. వాళ్లది ఏ కాలం?

పత్రంలో మా యాడి ‘ఒక లంబాడా మహిళ’. ఈసారి వచ్చేవాళ్లను ముందు ఆమె పేరు రాసుకోమందాం, పత్రం తెలుగులో తండాకు పంపమందాం.