సజీవునికి స్మృతిగీతం: పింక్ ఫ్లాయిడ్ ‘విష్ యు వర్ హియర్’ - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పింక్ ఫ్లాయిడ్ బృందం 1975లో వెలువరించిన ‘విష్ యు వర్ హియర్’ ఆల్బమ్‌ను సిడ్ బారెట్‌పై స్మృతిగీతంగా వ్యాఖ్యానించడం పరిపాటి. ఆ వ్యాఖ్యానం ఎంతవరకు నిలుస్తుందో కరుణ, విప్రలంభాల భేదం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: రాక్ సంగీతం, పింక్ ఫ్లాయిడ్, సిడ్ బారెట్, స్మృతిగీతం, కరుణం, విప్రలంభం.

1. ప్రస్తావన

స్మృతికావ్యానికి సాధారణంగా మరణమే ప్రేరణ. పోయినవారు తిరిగి రారన్న నిశ్చయం మీదనే ఆ ప్రక్రియ నిలబడుతుంది. పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ విషయంలో ఆ నిశ్చయం లేదు. 1965లో లండన్‌లో ఏర్పడిన ఈ బృందానికి తొలి సారథి సిడ్ బారెట్. 1967లో వచ్చిన తొలి ఆల్బమ్‌లోని పాటల్లో అధికభాగం అతని రచనలే. మాదకద్రవ్యాల వాడకానికి మానసిక అస్వస్థత తోడై, 1968 నాటికి అతడు తోటివారితో కలిసి పనిచేయలేని స్థితికి చేరుకున్నాడు. డేవిడ్ గిల్మోర్ బృందంలో చేరాడు, బారెట్ తప్పుకున్నాడు. అయితే అతడు మరణించినది 2006లో. అంటే ఈ పాటలు పుట్టేనాటికి అతడు అదే దేశంలో జీవించే ఉన్నాడు.

కరుణం నిరపేక్షమనీ, విప్రలంభం సాపేక్షమనీ భరతుడు భేదం చెప్పాడు. పునఃసమాగమంపై ఆశ ఉంటే విప్రలంభం, లేకుంటే కరుణం. ఈ చర్చ శృంగార సందర్భంలోనిదే అయినా, ఆశ మిగిలి ఉందా లేదా అన్న ప్రశ్న స్నేహానికీ వర్తిస్తుంది. ఈ ఆల్బమ్‌ను ఆ ప్రశ్నతో వినడం అవసరం.

2. నిర్మాణం

ఆల్బమ్‌లో ఉన్నవి ఐదు ట్రాకులే. బారెట్‌ను ఉద్దేశించిన ‘షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్’ను బృందం 1974 కచేరీల్లో ఒకే దీర్ఘరచనగా వినిపించింది. రికార్డింగు సమయంలో దానిని రెండుగా విడదీసి, నడుమ వేరే పాటలు ఉంచాలని పట్టుబట్టినవాడు రోజర్ వాటర్స్. అప్పటికే కచేరీల్లో వినిపిస్తున్న మరో రెండు పాటలను ఇందుకోసం పక్కన పెట్టారు. అవి రూపు మార్చుకొని 1977 నాటి ‘యానిమల్స్’లో చేరాయి. ఈ విభజన కేవలం సౌకర్యం కోసం చేసినది కాదు. పిలుపు ఒక చివర మొదలై, సమాధానం రాకుండానే మరో చివర కొనసాగుతుంది.

మొదటి భాగం నిడివి పదమూడు నిమిషాలకు పైనే. గాత్రం ప్రవేశించేసరికి ఎనిమిది నిమిషాలు దాటుతాయి. అంతసేపు గాయకుడు నోరు విప్పకపోవడమే ఇక్కడి అసలు భావవ్యక్తీకరణ అని నా అభిప్రాయం. గిల్మోర్ గిటారు మీద నాలుగు స్వరాల పలుకు ఒంటరిగా వచ్చి ఆగుతుంది. వెంటనే ఏదీ అందుకోదు. మళ్లీ అదే పలుకు. దానికి ముందు వినిపించే నాదంలో గాజు గ్లాసుల అంచులపై వేలు రాసి పుట్టించిన ధ్వని ఉంది. 1973లో ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ విజయం తరువాత ఇంటి సామాన్లతోనే ఒక ఆల్బమ్ చేయాలని ప్రయత్నించి విరమించుకున్నారు. అందులో మిగిలినదే ఈ ధ్వని.

నడిమి పాటల్లో ‘వెల్కమ్ టు ది మెషీన్’, ‘హ్యావ్ ఎ సిగార్’ సంగీత వ్యాపారంపై విమర్శలు. రెండవదానిలో మాట్లాడే కంపెనీ మనిషి బృందం పేరును ఒక వ్యక్తి పేరుగా పొరబడతాడు. అమెరికన్ బ్లూస్ గాయకులు పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్‌ల పేర్లను జోడించి ఆ పేరు పెట్టినవాడు బారెట్! పైగా ఈ పాట పాడినవాడు బృందసభ్యుడు కాడు, రాయ్ హార్పర్. తమ పాటలో తామే లేకపోవడం ఇది. వ్యాపారాన్ని నిందించిన ఆల్బమ్ బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ అమ్మకాల్లో ప్రథమస్థానం పొందిన వైరుధ్యాన్ని విమర్శకులు గుర్తించారు గానీ, పాటల విలువను అది తగ్గించదు.

పేరుపాటలో మొదటి గిటారు ఎక్కడో రేడియోలో మోగుతున్నట్లు సన్నగా వినిపిస్తుంది. కాసేపటికి దగ్గరగా, నిండుగా మరో గిటారు దానికి జత కలుస్తుంది. గదిలో ఉన్నవాడు రేడియోలోని వాడితో కలిసి వాయిస్తున్నాడు. రేడియోలోని వాడికి ఇతడు వినిపించడు. ‘నువ్వూ ఇక్కడుంటే బాగుండేది’ అన్న ఆ శీర్షిక కూడా విహారయాత్రికులు పోస్టుకార్డు మీద అలవాటుగా రాసే మాటే. ఎల్పీతో నిజంగానే ఒక పోస్టుకార్డు జతచేశారు. అరిగిపోయిన మాటకు అర్థం తిరిగి తెచ్చిన చోటు ఇది. విప్రలంభ లక్షణం స్పష్టంగా కనిపించేదీ ఇక్కడే.

3. స్టూడియోకు వచ్చిన మనిషి

1975 జూన్ 5న, రికార్డింగు జరుగుతుండగా, బారెట్ అబీ రోడ్ స్టూడియోకు వచ్చాడు. బాగా లావెక్కి, తల, కనుబొమలు గొరిగించుకొని ఉన్న అతణ్ణి మిత్రులు కొంతసేపు గుర్తుపట్టలేదు. ఈ ఉదంతాన్ని ఆల్బమ్‌కు మూలకారణమన్నట్లు చెప్పడం సరికాదు. పాట అప్పటికి ఏడాది ముందే వేదికలెక్కింది. ఆ రాక పాటకు కారణం కాలేదు, పరీక్ష అయింది. ఇక్కడ ఉండాలని ఎవరిని కోరారో అతడు ఇక్కడే ఉన్నాడు, కోరినవారు పోల్చుకోలేకపోయారు.

దీన్నిబట్టి పాటలోని సంబోధ్యుడు 1967 నాటి బారెట్ మాత్రమేనని చెప్పాలి. అతని విషయంలో ఆశ లేదు, అది కరుణమే. గదిలో కూర్చున్న మనిషి విషయంలో ఆశకు చోటుంది గానీ, పాట అతనితో మాట్లాడదు. వాటర్స్ కూడా తరువాతి కాలంలో బారెట్‌ను మనుషుల్లోని గైరుహాజరీకి ఒక ప్రతీకగా పేర్కొన్నాడు. సజీవుడైన మిత్రుణ్ణి ప్రతీకగా మార్చుకోవడంలో కొంత కాఠిన్యం ఉంది. ఆల్బమ్‌ను ప్రేమించే విమర్శ దీనిని దాటవేయకూడదు. అయితే కోరినవారే పోల్చుకోలేని చోట గైరుహాజరైనవాడు ఎవరు? రికార్డింగులో తమలో ఒకరూ మనసు పెట్టలేకపోతున్నారని సభ్యులే చెప్పుకున్న కాలమది.

చివరిదైన తొమ్మిదవ భాగానికి స్వరకర్త రిచర్డ్ రైట్ ఒక్కడే. సంగీతం సన్నగిల్లుతుండగా అతని కీబోర్డు మీద బారెట్ రాసిన 1967 నాటి ‘సీ ఎమిలీ ప్లే’ బాణీ క్షణకాలం తొంగిచూస్తుంది. పోల్చుకోని శ్రోతలే ఎక్కువ. మాటలు లేని ఆ కొద్ది స్వరాల్లో మాత్రం బారెట్ గురించి ఎవరూ ఏమీ చెప్పరు. అతని పాటనే వాయిస్తారు.