వెయ్యెకరాలూ, ఒక సంతకం

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నాన్న నా ముందు ఒక కాగితం పెట్టారు. హక్కు విడుదల పత్రం. తాతగారి నుంచి వచ్చిన కొబ్బరితోటలో, దానిలో అంతరపంటగా వేసిన కోకోలో నా భాగాన్ని అన్నయ్యకి ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నానని దాని సారాంశం. "నీకు చదువు చెప్పించాం, పెళ్ళి చేశాం. తోట చూసుకునేది వాడే కదమ్మా" అన్నారు. కోపంగా కాదు, ప్రేమగానే అన్నారు. ఆ ప్రేమే నన్ను ఇబ్బంది పెట్టింది. చదివి చెప్తానని పత్రాన్ని సంచిలో పెట్టుకున్నాను. హైదరాబాదు వచ్చాక మాత్రం నేను చదివింది దాన్ని కాదు, పీహెచ్‌డీ రోజుల్లో చదివి పక్కన పెట్టేసిన ఒక నవలని.

జేన్ స్మైలీ రాసిన 'ఎ థౌజండ్ ఏకర్స్' 1991లో వచ్చింది. మరుసటేడు పులిట్జర్ బహుమతి పొందింది. షేక్‌స్పియర్ 'కింగ్ లియర్' కథని 1979 నాటి అమెరికాకి, అయోవా రాష్ట్రపు పొలాలకి తీసుకెళ్ళిన నవల ఇది. షేక్‌స్పియర్ దుర్మార్గులుగా చూపిన పెద్దకూతుళ్ళ వైపు నుంచి కథ నడుస్తుంది. విద్యార్థినిగా నాకు అదొక్కటే కనిపించింది. స్త్రీవాద పునర్లిఖనం అని ఒక మాట రాసేసి ముందుకి వెళ్ళిపోయాను. ఈసారి కనిపించింది దస్తావేజు.

లారీ కుక్ వెయ్యెకరాల ఆసామి. వారసత్వపు పన్ను తప్పుతుందని పొలాన్ని కంపెనీగా మార్చి ముగ్గురు కూతుళ్ళకీ వాటాలిస్తానని ఒక విందులో ప్రకటిస్తాడు. లాయరైన చిన్నకూతురు కేరొలైన్ కొంచెం సందేహిస్తుంది. అంతే, ఆమెకి వాటా లేదు. లియర్ కూతుళ్ళని ప్రేమ ఎంతో చెప్పమన్నాడు. లారీ ఆ మాట కూడా అడగడు. సంతకం పెడితే అది ప్రేమ, ఆలోచిస్తే ద్రోహం. మన ఇళ్ళలో జరిగేది ఇంతకంటే వేరా?

పొలం రాసిచ్చిన లారీ పెత్తనాన్ని మాత్రం వదులుకోలేకపోతాడు. పనిలేని చేతులతో ఏంచెయ్యాలో తెలీక తాగుతాడు, తిరుగుతాడు, కూతుళ్ళని తిడతాడు, చివరికి పొలం వెనక్కి ఇమ్మని కోర్టుకెక్కుతాడు. ఊరంతా 'పాపం ముసలాయన' అంటుంది. అతను కూతుళ్ళ శరీరాల మీద చేసిన అత్యాచారం గురించి మాత్రం ఊరు ఎన్నడూ అడగదు. కథ చెప్పే పెద్దకూతురు జిన్నీ ఆ జ్ఞాపకాన్నే తనలోంచి తుడిచేసుకుని ఉంటుంది. చెల్లెలు రోజ్ మర్చిపోదు. పొలమూ కూతుళ్ళూ ఒకే యజమాని ఆస్తి అయిన చోట, ఆ రెంటి మీదా అతను ఒకే హక్కు చెలాయిస్తాడు. స్మైలీ దీన్ని 'స్త్రీ అంటే భూమి' అనే పాత ఉపమానంగా చెప్పదు. నేలలో పూడ్చిన గొట్టాల గుండా ఎరువుల విషం బావినీళ్ళలోకి చేరడాన్ని, జిన్నీకి ఐదుసార్లు గర్భం పోవడాన్ని పక్కపక్కనే పెట్టి చూపిస్తుంది.

ఇంతవరకూ నాకు అనుకూలంగానే ఉంది. 'సంతకం పెట్టను' అనడానికి నవల చేతికి దొరికింది. కానీ జిన్నీ భర్త టై దగ్గర ఆగిపోయాను. అతను ఏళ్ళ తరబడి ఆ పొలంలో చాకిరీ చేసినవాడు. పందుల షెడ్లు కట్టాలని కలగన్నవాడు. చివరికి ఆ పొలం అతనికి దక్కదు. అప్పులకింద అది ఒక పెద్ద కంపెనీ పాలవుతుంది. రక్తసంబంధానికి హక్కుంది, శ్రమకి లేదు. జిన్నీ గొంతులోంచి చూసే మనకి టై పట్ల అంత జాలి కలగదు. నవలలో నాకు లోపంగా అనిపించింది ఇదే. మా తోటలో టై ఎవరు? అన్నయ్యా? కాదు, అన్నయ్యకి హక్కూ ఉంది, శ్రమా ఉంది. కోకోకాయ కొట్టించి, గింజ పులియబెట్టి, ఎండబెట్టే మా వదిన టై. పాతికేళ్ళు పాడి లెక్కలు రాసిన మా అమ్మ టై. వాళ్ళ పేర్లు నాన్న కాగితంలో లేవు. నిజం చెప్పాలంటే, నా ఆలోచనలోనూ లేవు.

అమ్మ పెళ్ళి 1985 మేలో అయింది. ఆ ఏడు సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లలకి పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో హక్కు వచ్చింది, అప్పటికే పెళ్ళయినవాళ్ళకి తప్ప. నాలుగు నెలల్లో అమ్మ తప్పిపోయింది. 2005లో కేంద్రం చట్టాన్ని సవరించి ఆ షరతు లేకుండా దేశమంతటా హక్కు ఇచ్చేసరికి మామయ్యలు పొలం పంచేసుకుని రిజిస్టరు చేయించేసుకున్నారు. తండ్రి 2005 నాటికి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇన్ని మలుపులు తిరిగి నా దాకా వచ్చిన హక్కుని వెనక్కి తీసుకోవడానికి ఒక్క స్టాంపు కాగితం చాలు. 'ఇష్టపూర్వకంగా' అనే ఆ మాట ఒక్కటీ ఉంటే చాలు.

నవల చివర జిన్నీ పొలం విడిచి సెయింట్ పాల్ నగరంలో హోటల్లో వడ్డన చేస్తూ బతుకుతుంది. ఆమెకి మిగిలిన వారసత్వం పన్నుబాకీ, చనిపోయిన చెల్లెలి ఇద్దరు కూతుళ్ళు. విమర్శకురాలిగా నేను దీన్ని విముక్తి అని ఒకప్పుడు రాశాను. ఇప్పుడు రాయలేను. బయటపడటం వేరు, గెంటివేయబడటం వేరు.

మొన్న నాన్నకి ఫోన్ చేశాను. "నా భాగం సంగతి మాట్లాడదాం. ముందు మీ భాగంలో అమ్మ పేరు, అన్నయ్య భాగంలో వదిన పేరు రాయండి" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదాయన. తర్వాత "వాళ్ళకెందుకమ్మా, మేం లేమూ?" అన్నారు. వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది, "ఏమంటోందండీ అమ్మాయి?" అని. నాన్న ఆవిడకి చెప్పలేదు.

అందుకని ఈసారి అమ్మకే ఫోన్ చేస్తాను. పత్రం ఇంకా నా సంచిలోనే ఉంది.