మెరుపు గుంపులూ, మన కోలాటమూ

అమెరికాలో పుట్టి లోకమంతా పాకిన 'ఫ్లాష్ మాబ్' అనే వేడుకపై మన యువతీయువకులకు మోజు కలిగింది. దుకాణాల సముదాయంలో ఉన్నట్టుండి పాట మ్రోగటం, జనంలో కలిసి నిలబడినవారే ఒక్కసారిగా ఆడటం, పాట ముగియగానే ఏమీ ఎరగనట్లు ఎవరి దారిన వారు పోవటం మనం చూస్తూనే ఉన్నాము. తెలుగులో దీనిని మెరుపు గుంపు అనవచ్చును. పెద్దలు కొందరు ఇది కోతిచేష్ట అంటున్నారు. పిల్లలు ఇదే నేటి కళ అంటున్నారు. రెండూ తొందరపడి అన్న మాటలే. మెచ్చుకొనుటకైనా తెగడుటకైనా ముందు అది ఎట్లా పుట్టిందో, ఎట్లా నడుస్తుందో తెలుసుకోవాలి గదా!

2003లో న్యూయార్కు నగరంలో బిల్ వాసిక్ అనే ఆయన దీనిని మొదలుపెట్టాడు. ఆయన హార్పర్స్ పత్రిక సంపాదక వర్గంలోనివాడు. తన పేరు చెప్పకుండా ఈ-మెయిలు ద్వారా కబురు పంపాడు. మొదటి ప్రయత్నం ముందే బయటికి పొక్కి చెడిపోయింది. అందువల్ల రెండవసారి జనాన్ని నేరుగా చోటికి పిలవలేదు. దగ్గరలోని బార్లలో కూడమని, అక్కడ చీటీలు పంచి, పోవలసిన చోటు ఆఖరి ఘడియలో తెలియజేశాడు. ఆ జూన్ నెలలో మేసీస్ దుకాణం తొమ్మిదవ అంతస్తులో ఒక ఖరీదైన తివాచీ చుట్టూ వందమందికి పైగా మూగారు. తామంతా ఊరి చివర ఒకే గిడ్డంగిలో కాపురముంటున్నామనీ, ఏది కొన్నా అందరూ కలిసే నిర్ణయిస్తామనీ అమ్మేవారికి చెప్పి, కొద్ది నిమిషాలలో మాయమయ్యారు. పాట లేదు, ఆట లేదు, చెప్పదలచిన నీతీ లేదు. జనం జనాన్ని చూసి వచ్చే గుణాన్ని పరీక్షించటమే ఆయన పని. 2006లో తన పత్రికలోనే ఆ సంగతి బయటపెట్టాడు. మొదటి మెరుపు గుంపు ఒక విధంగా గుంపును చూసి నవ్విన నవ్వు అన్నమాట.

ఆ నవ్వును కళగా మలచినవారు వేరే ఉన్నారు. చార్లీ టాడ్ 2001లోనే ఆరంభించిన 'ఇంప్రొవ్ ఎవ్రీవేర్' బృందం న్యూయార్కు గ్రాండ్ సెంట్రల్ రైలు స్టేషనులో ఒక పని చేసింది. 207 మంది గడియారాలు సరిచేసుకొని, పరుగులు తీసే ప్రయాణికుల నడుమ ఒకే క్షణాన బొమ్మల్లా నిలిచిపోయారు. ఐదు నిమిషాలు అట్లాగే ఉండి, మరల కదిలి నడిచిపోయారు. చూసినవారు చప్పట్లు కొట్టారు. నిలబడటమనే ఒక్క పనితో ఊరి పరుగును ఊరికే చూపించిన ఈ ప్రదర్శనను మేము నిస్సందేహంగా కళ అంటాము.

ఆ తరువాత వచ్చింది ఆర్భాటం. 2009 సెప్టెంబరులో చికాగో మిషిగన్ అవెన్యూలో ఓప్రా విన్‌ఫ్రే టెలివిజను కార్యక్రమం కోసం బ్లాక్ ఐడ్ పీస్ బృందం పాడుతుండగా ఒక అమ్మాయి ఒంటరిగా ఆడటం మొదలుపెట్టింది. చుట్టూ వేలాది జనం కదలకుండా నిలబడ్డారు. తరువాత ఆమె వెనుకవారు, వారి వెనుకవారు, చివరకు వీధి వీధంతా ఒకే అడుగు వేసింది. కంటికి ఎంతో ఇంపు! అయితే అడుగులన్నీ ముందే నేర్పినవి, కెమేరాలన్నీ ముందే అమర్చినవి. చిలిపితనంగా పుట్టినది ఆరేళ్ళలోనే టెలివిజను వేడుక అయింది.

ఈ మూడింటికీ ఉమ్మడి గుణం ఒకటుంది. అది రహస్యం. ఏర్పాటు ఎంత గట్టిగా దాచితే ఆశ్చర్యం అంత గొప్పది. పొక్కితే రసం పోయింది. దారిన పోయేవాడు అనుకోకుండా ప్రేక్షకుడు కావాలి. సెల్‌ఫోను ఎత్తి పట్టుకోవటమే వానికి మిగిలిన పాత్ర. వాడు ఇంటికి బొమ్మ తీసుకుపోతాడు, అడుగు తీసుకుపోడు.

ఇక మన కోలాటం సంగతి చూడండి. తోటల్లో మన తాతలు పగలంతా పనిచేసి, సందె వేళ లైన్ల ఇళ్ళ ముందు, రామాలయం వాకిట కోలలు పట్టారు. కోలాటమూ సాధన లేనిదే రాదు. జడ కోలాటంలో ఒకడు తప్పితే తాళ్ళన్నీ చిక్కుపడతాయి. తేడా ఎక్కడంటే, మన సాధన బహిరంగం. శ్రీరామనవమికి ముందు రాత్రులన్నీ ఆ వాకిలే బడి. పెద్దలు కోపు మార్చుతుంటే పక్కన పిల్లలు పుల్లలు పట్టుకొని అనుకరించేవారు. పాటతోపాటు మాట వచ్చేది, మాటతోపాటు వావివరస వచ్చేది. పండుగనాటి ఆట ఒక్క రాత్రిది. దానికి ముందు జరిగిన సాధనే ఒక తరం నుండి మరొక తరానికి తెలుగును మోసినది.

2023 మార్చిలో కీరవాణి స్వరపరచి, చంద్రబోస్ వ్రాసిన 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చింది. ఆ నెలలోనే న్యూజెర్సీ ఎడిసన్‌లో టెస్లా కార్లు బారులు తీర్చి, ఆ పాటకు దీపాలు ఆడించారు. తెలుగు పాట అమెరికాలో అట్లా వెలగటం మనందరికీ గర్వమే. కాని ఆడినవి దీపాలు. సినిమాలోని ఆ పాటలో జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఇద్దరు ఆడుతుంటే చూడవచ్చిన దొరలూ దొరసానులూ ఆగలేక తామూ దిగి, కాళ్ళు పడిపోయేదాకా ఆడతారు. చూసేవాణ్ణి బరిలోకి లాగటమే నాటు ఆట లక్షణం.

కాబట్టి మేము మెరుపు గుంపు వద్దనటం లేదు. మన భాష వినని వీధిలో మూడు నిమిషాలు మన పాట వినిపించటం మంచిదే. బడిలో తెలుగు లేని పిల్లవాడు నలుగురి ముందు సిగ్గుపడకుండా తెలుగు పాటకు ఆడితే, ఆ ధైర్యం చిన్నది కాదు. అయితే కంప్యూటరులో అడుగులు చూసి ఎవరి గదిలో వారు నేర్చుకొని, ఆ రోజున కలిసి ఆడి విడిపోతే, మరునాటికి మన చేతిలో మిగిలేది వీడియో ఒక్కటే.

యువకులారా! ఆడే రోజును దాచండి, సాధనను దాచకండి. సంఘం హాలులోనో, గుడి వాకిటనో తలుపులు తెరిచి నేర్వండి. కోపులు ఎరిగిన ముసలివారు ఇంకా కొందరున్నారు. వారిని పిలిచి ముందు వరుసలో నిలబెట్టండి. పాటలోని ప్రతి మాటకూ అర్థం అడగండి. చిన్నపిల్లలను పక్కన అడ్డం పడనివ్వండి. అట్లా చేస్తే ఆ మెరుపు వెనుక వానా వస్తుంది. వాన లేని మెరుపు వల్ల చేను పండదు.