నిచ్చెన సర్క్యూట్‌కు రెండో తరం

మే నెలలో నంద్యాలలోని ఒక గది తెల్లవారుజామున 30 డిగ్రీలుంటే మధ్యాహ్నానికి 44 అవుతుంది. వేడి సంగతి పట్టించుకోకుండా కట్టిన అనలాగ్ సింథసైజర్‌ను ఆ గదిలో పొద్దున శ్రుతి చేసిపెడితే, మధ్యాహ్నం దాని కింది షడ్జమాన్ని మళ్లీ సరిచేసుకున్నా పై షడ్జమం కుదరదు. 50 సెంట్లకు పైగా దిగి పలుకుతుంది. పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరం 100 సెంట్లు కాబట్టి ఇది అర స్వరస్థానం తప్పు. సంగీతం రానివాళ్లు కూడా ముఖం చిట్లిస్తారు.

కారణం ట్రాన్సిస్టర్ స్వభావంలో ఉంది. కీబోర్డు మీద ఒక స్థాయి పైకి వెళితే నియంత్రణ వోల్టేజీ ఒక వోల్టు పెరుగుతుంది. లోపల దాన్ని బాగా తగ్గించి ట్రాన్సిస్టర్‌కు అందిస్తారు. మామూలు గది వేడిలో దాని బేస్ దగ్గర సుమారు 18 మిల్లీవోల్టులు పెరిగితే కరెంటు రెండింతలవుతుంది, నాదం ఒక స్థాయి పైకి లేస్తుంది. ఆ 18 వేడితో పాటే పెరిగే అంకె. పైగా వోల్టేజీ కదలకపోయినా ట్రాన్సిస్టర్ వేడెక్కితే చాలు, కరెంటు తనంతట తాను పెరిగిపోతుంది. ఈ రెండో జబ్బుకు మందు, ఒకే గుణమున్న రెండు ట్రాన్సిస్టర్లను ఆనించి పెట్టి, ఒకదాని పెరుగుదలను ఇంకొకదానితో కొట్టివేయించడం. మొదటిదానికి మందు, డిగ్రీకి 0.33 శాతం చొప్పున విలువ పెరిగే ప్రత్యేకమైన రెసిస్టర్‌ను దానికి తోడుగా నడిపించడం. చవకలో ఒక అనలాగ్ సింథసైజర్ వచ్చిందంటే నేను ముందు చూసేది ఈ పనినే. ధర తగ్గించాలనుకునేవాడు మొదట కత్తెర వేసేది ఇక్కడే.

బెహ్రింగర్ కంపెనీ 2018 ప్రాంతంలో మార్కెట్లోకి తెచ్చిన ‘మోడల్ డి’ని ఆ కళ్లతోనే చూడాలి. దాని మూలం 1970లో రాబర్ట్ మోగ్ కంపెనీ నుంచి వచ్చిన మినీమోగ్ మోడల్ డి. అంతకు ముందు మోగ్ సింథసైజర్ అంటే బీరువాలంత పెట్టెలు, వాటి నిండా తీగలు. 1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు చేరింది ఆ రకమే. అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ వచ్చి దానితో స్టూడియో నెలకొల్పాడు. మోగ్ దగ్గర పనిచేసే బిల్ హెమ్‌సాత్, మూలపడ్డ భాగాలను ఏరి చేత్తో మోసుకెళ్లగలిగేంత పెట్టెలో కూర్చడంతో మినీమోగ్ కథ మొదలైంది. మూడు ఆసిలేటర్లు, ఒక ఫిల్టర్, 44 మెట్ల కీబోర్డు. 1981 దాకా సుమారు 12,000 తయారయ్యాయి.

దాని ప్రాణం ఫిల్టర్. కాగితం మీద గీస్తే నిచ్చెనలాగే ఉంటుంది కాబట్టి ఆ పేరే స్థిరపడింది. ట్రాన్సిస్టర్ల జంటలు నాలుగు అంతస్తులుగా పైకి పోతాయి, ప్రతి అంతస్తులో రెండు వైపులనూ కలుపుతూ ఒక కెపాసిటర్. కింది నుంచి పంపే కరెంటును తగ్గిస్తే ట్రాన్సిస్టర్లు ఆ కెపాసిటర్లను నింపే వేగం తగ్గుతుంది, నాదంలోని పై హార్మోనిక్స్ ఒక్కొక్కటిగా రాలిపోతాయి. ఒక్కో మెట్టు స్థాయికి 6 డెసిబెల్స్ కోస్తుంది, నాలుగూ కలిసి 24. నాకు ఎన్నిసార్లు చూసినా తనివితీరని లెక్క ఒకటుంది ఇందులో. కోత మొదలయ్యే చోట ఒక్కో మెట్టు సంకేతాన్ని 45 డిగ్రీలు వెనక్కి నెడుతుంది, నాలుగు మెట్లకు 180. అదే చోట సంకేతం బలం నాలుగోవంతుకు పడిపోతుంది. అందువల్ల బయటికి వచ్చినదాన్ని తిరగేసి, నాలుగింతలు చేసి, మళ్లీ లోపలికి పంపితే ఫిల్టర్ తానే ఒక స్వరం అందుకుని పాడుతుంది. ఒక్క నాబ్ తిప్పి గుసగుస నుంచి ఈల దాకా వెళ్లగలగడం వెనక ఉన్నది ఇంతే.

కానీ ఆ నాదం నిండుదనానికి ఈ లెక్క చాలదు. నిచ్చెనలో నడిచే సంకేతం కొన్ని పదుల మిల్లీవోల్టులు దాటితే ట్రాన్సిస్టర్ల జంట దాన్ని ఉన్నదున్నట్టు మోయలేదు, శిఖరాలను మెత్తగా గుండ్రం చేస్తుంది. మినీమోగ్ మిక్సర్ నుంచి ఫిల్టర్‌కు వెళ్లే సంకేతం ఆ హద్దు దాటేంత బలంగానే వెళుతుంది. పాఠ్యపుస్తకం ప్రకారం సంకేతాన్ని తగ్గించి ‘శుభ్రం’ చేసిన ఇంజనీరు చేతిలో అది మినీమోగ్ కాకుండా పోతుంది. అచ్చంగా దించడంలో కష్టం ఇక్కడుంది. భాగాల జాబితా ఎవరికైనా దొరుకుతుంది. ఏ లోపం వల్ల సంగీతం పుడుతోందో గుర్తుపట్టి దాన్ని వదలకుండా పట్టుకోవడానికి చెవి కావాలి. నిచ్చెనలో కుడి ఎడమలు సరితూగకపోతే ఫిల్టర్ తెరిచినప్పుడల్లా దడదడమని వినిపిస్తుంది. 1970లో ఆ జోడీలను మనుషులు మీటరు పెట్టి ఒక్కొక్కటిగా కొలిచి ఏరేవారు. బెహ్రింగర్ కూడా సరిజోడు ట్రాన్సిస్టర్లతోనే పాత సర్క్యూట్‌ను మళ్లీ కట్టామని చెబుతుంది. సంకేతం నడిచే దారి మొత్తం అనలాగ్‌గానే ఉంచింది, డిజిటల్ చిప్‌తో అనుకరించే తేలిక దారి పట్టలేదు.

నకలు కదా, ఇందులో మెచ్చుకోవడానికేముంది అనేవాళ్లు నంద్యాల నుంచి కడప రోడ్డు పట్టుకుని ఆళ్లగడ్డ దాకా వెళ్లి రావాలి. రోడ్డు పక్క శిల్పశాలల్లో నరసింహస్వామి, వెంకటేశ్వరస్వామి, నందులు వరసగా నిలబడి ఉంటాయి. ఆ రూపం శిల్పి సొంత ఊహ కాదు. తలకట్టు ఎంత, నాభి ఎక్కడ, చేతిలో ఏది అన్నదంతా శిల్పశాస్త్రం ముందే చెప్పింది. అయినా ఒక విగ్రహం దగ్గర నిలబడిపోతాం, పక్కదాన్ని దాటిపోతాం. కొలత ఒకటే, ఉలి నడక వేరు. రాయి కోసే మిషన్లు పైపని తగ్గించాయి, కనురెప్ప అంచు తీర్చే పని మాత్రం చేతిదే. సర్క్యూట్ విషయంలోనూ నేను తూచేది ఆ అంచునే.

మక్కికి మక్కి కాకుండా ఆలోచించి చేర్చినవీ ఉన్నాయి. మినీమోగ్‌లో గమకంలాంటి ఊపు యాంత్రికంగా కావాలంటే మూడో ఆసిలేటర్‌ను ఆ పనికి పెట్టాలి, అప్పుడు నాదంలో ఒక పాయ తగ్గిపోతుంది. కొత్తదానిలో ఊపు కోసమే విడిగా ఒక చిన్న ఆసిలేటర్ ఇచ్చారు. పై హార్మోనిక్స్‌ను కోసే లో-పాస్ మాత్రమే ఉన్న ఫిల్టర్‌కు, కిందివాటిని కోసే హై-పాస్ కూడా చేర్చారు. బయటి కీబోర్డునో కంప్యూటర్‌నో కలుపుకోవడానికి మిడి, యూఎస్‌బీ వచ్చాయి. కీబోర్డు తీసేశారు, దానితో పాటు ఎడమచేతి కింద ఉండే రెండు చక్రాలూ పోయాయి. నాబ్‌లు ఇరుకుగా ఉన్నాయి, వేదిక మీద తొందరలో ఒకటి తిప్పబోయి పక్కది తగిలే దూరంలో. ఈ ఇరుకు మాత్రం నాకు నచ్చలేదు.

ధర చూడండి. మోగ్ కంపెనీ 2022లో మినీమోగ్‌ను మళ్లీ తెచ్చినప్పుడు 4,999 డాలర్లు పెట్టింది, అప్పటి మన లెక్కలో దాదాపు 4 లక్షల రూపాయలు. బెహ్రింగర్‌ది అమెరికాలో 300 డాలర్ల ప్రాంతంలో అమ్ముడుపోయింది. సుంకాలు కలిపినా పెళ్లిళ్ల సీజన్‌లో ఆర్కెస్ట్రాతో తిరిగే కీబోర్డు వాద్యకారుడు కొనగలిగిన వస్తువు. చైనాలో సొంత ఫ్యాక్టరీ, సొంతంగా చిప్‌లు తయారు చేసుకోవడం, బోర్డు మీద బియ్యపుగింజ కన్నా చిన్న భాగాలను యంత్రం అమర్చడం వల్ల ఇది సాధ్యమైంది. దీనికి మనం చెల్లించే మూల్యం మరమ్మతులో ఉంది. పాత మినీమోగ్ బోర్డును టీవీలు బాగుచేసే మెకానిక్ టంకం కడ్డీతో దారికి తేగలడు. ఈ చిన్న భాగాల బోర్డును నంద్యాలలో విప్పి సరిచేయించడం కష్టం.

హక్కుల మాటా చెప్పాలి. నిచ్చెన ఫిల్టర్ పేటెంటు 1969లో మంజూరైంది, అప్పటి అమెరికా చట్టం ప్రకారం 17 ఏళ్లకు తీరిపోయింది. సర్క్యూట్ అందరిదీ అయింది. ముఖం సంగతి వేరు. ‘మోడల్ డి’ అన్న పేరును, ప్యానెల్ అమరికను కూడా అలాగే వాడుకోవడం ఇంత మంచి పనితనానికి అవసరం లేదని నా అభిప్రాయం. తన పేరు తాను పెట్టుకుని నిలబడగల వాద్యమిది.

ఇదే కంపెనీ 2019లో తెచ్చిన టీడీ-3 మన దేశపు కథ ఒకదాన్ని గుర్తుచేస్తుంది. దాని మూలం రోలాండ్ టీబీ-303. తదావో కికుమోతో రూపకల్పన, 1981లో వచ్చింది, గిటారిస్టుకు బేస్ తోడు ఇవ్వడానికి చేశారు, అమ్మకాలు లేక 1984లో ఆగిపోయింది. బొంబాయి సినిమా సంగీతకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో దాన్ని, టీఆర్-808 డ్రమ్ మెషిన్‌ను, జూపిటర్-8 సింథసైజర్‌ను కలిపి పది రాగాలను డిస్కో లయలో వాయించి రికార్డు చేశాడు. షికాగోలో అదే 303 మోతతో పుట్టిన ఆసిడ్ హౌస్ అనే నృత్యసంగీతానికి ఆద్యమని చెప్పే రికార్డు 1987లో గాని రాలేదు. 303లో ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారే గుణం ఉంది. ఆ పది రాగాల్లోని మాల్‌కౌంస్‌కు, అంటే మన హిందోళానికి, ఆ జారు నప్పుతుంది. ఆ 808లో ఝుమ్మనే ధ్వని కోసం రోలాండ్ కావాలని లోపమున్న ట్రాన్సిస్టర్లు కొనేది. తయారీ మెరుగుపడి ఆ లోపం దొరకకపోవడంతో 808 ఉత్పత్తే ఆగింది.

హిందోళం మోడల్ డి మీద ఎలా పలుకుతుందో చెబుతాను. మిడి తీగ ఉన్న కీబోర్డయితే నేరుగా, లేకపోతే మధ్యలో ల్యాప్‌టాప్ పెట్టి కలపండి. పెట్టె వేడెక్కి నిలకడపడే దాకా ఒక పావుగంట ఆగండి. మూడో ఆసిలేటర్‌కు కీబోర్డుతో సంబంధం తెంచే స్విచ్ ఒకటుంది. దాన్ని నొక్కి ఆ ఆసిలేటర్‌ను మీ శ్రుతి షడ్జమం దగ్గర నిలపండి. ఊపు కోసం వేరే ఆసిలేటర్ ఉంది కాబట్టి ఇది పూర్తిగా మీ చేతిలో ఉంటుంది. మెట్టు వదిలితే షడ్జమమూ ఆగుతుంది, తంబురాలా ఎడతెగక మోగదు. కానీ వాయించే ప్రతి స్వరం కిందా అది ఉంటుంది. జారు కోసం గ్లైడ్ కొద్దిగా తెరవండి. ఒకసారికి ఒకే స్వరం పలికే వాద్యం కావడం మనకు లోటు కాదు, నాదస్వరమూ అంతే. మధ్యమం పట్టుకోండి, దాదాపు కుదిరిపోతుంది. గాంధారం పట్టుకుంటే షడ్జమంతో రాసుకుని అలలు లేస్తాయి. కీబోర్డు గాంధారం 300 సెంట్ల దగ్గరుంది, షడ్జమం అడుగుతున్నది 316. మీరు కలిపిన కీబోర్డు మీది పిచ్ చక్రాన్ని కొద్దిగా పైకి తిప్పుతూ పోతే అలలు నెమ్మదించి ఒకచోట ఆగుతాయి. ధైవతానికి అలాగే 14 సెంట్లు పెంచాలి. నిషాదాన్ని ఎక్కడ నిలపాలో మీ గురువుగారి బాణీ చెబుతుంది.