క్రొత్త ఇంటికి చెదల రక్ష: ఒక విమర్శ

క్రొత్తగా ఇల్లు కట్టుకొనువాడు పునాది తీయు దినములలోనే ఒక ప్రశ్నకు సమాధానము చెప్పవలసి యుండును: చెదల నివారణకై సొమ్ము వెచ్చింపవలెనా, వలదా? ఇనుము, ఇటుక, సిమెంటులకైన ఖర్చు కంటికి కనబడును. చెదమందుకైన ఖర్చు నేలలో ఇంకిపోవును. అందుచేతనే ఈ విషయమున రెండు అభిప్రాయములు వ్యాపించినవి. "సిమెంటు ఇంటికి చెద పట్టునా?" అని కొందరు పెదవి విరుతురు. "ఒకసారి మందు కొట్టించినచో ఇక జన్మలో భయము లేదు" అని మరికొందరు నమ్ముదురు. శాస్త్రదృష్టితో పరిశీలించినచో ఈ రెండును నిలువవు.

మొదటి అభిప్రాయమును చూతము. చెదపురుగునకు ముఖ్యాహారము సెల్యులోజు. అది కలపలో, కాగితములో, నూలుగుడ్డలో కలదు. సిమెంటులో లేదు. కనుక చెద సిమెంటును తినదు. కాని తినుట వేరు, దాటుట వేరు. శ్రామిక చెదపురుగు మెత్తని శరీరము గల చిన్న ప్రాణి. గచ్చుకును గోడకును నడుమనున్న సన్నని బీట, నీటిగొట్టము నేలను చీల్చుకొని పైకి వచ్చు చోటు దానికి చాలును. పొడిగాలి సోకినచో ఎండి చచ్చును గనుక, మట్టితో గొట్టమువంటి దారి కట్టుకొని అందులో నడచును. ఆ దారి చివరకు ద్వారబంధమును, పుస్తకముల బీరువాను చేరును.

ఇచ్చట గమనింపవలసిన దేమనగా, మన ఇండ్లకు హాని చేయు చెదలలో అధికభాగమునకు గూడు నేలలోనే యుండును. మేత మాత్రమే ఇంటిలో. తొలకరి వానకు దీపముల చుట్టు మూగు ఉసిళ్ళు ఈ పురుగులే. అవి రెక్కలు రాల్చి, జతలుగా మట్టిలో దూరి క్రొత్త గూడు పెట్టును. ఓడోంటోటెర్మిస్ అను ప్రజాతి తన పుట్టలో ఒక విధమైన శిలీంధ్రమును సాగుచేయును. వానకాలమున పుట్టపై మొలచు గొడుగులు ఆ శిలీంధ్రమువే. తెలుగువారి "పుట్టగొడుగు" అను మాట ఈ సంబంధమును చక్కగా పట్టుకొన్నది. శత్రువు నేలలో నున్నపుడు కోట గోడ నేలలోనే కట్టవలెను. కట్టడమునకు పూర్వము మట్టికి మందు పట్టించుటలోని తర్కమిదియే.

ఇక రెండవ అభిప్రాయము. "ఒకసారి కొట్టిన చాలు" అను నమ్మకము ఆల్డ్రిన్, క్లోర్డేన్, హెప్టాక్లోర్ వాడిన కాలమునాటిది. అవి నేలలో ఏండ్ల తరబడి చెడక నిలిచెడివి. ఆ గుణమే వానికి కీర్తి తెచ్చినది. ఆ గుణమే వానిని తొలగించినది. చెడని విషము నేలలోనే యుండిపోదు. అది జీవుల క్రొవ్వులో చేరి, ఒకదానినుండి మరియొకదానికి ప్రాకును. భారతదేశములో ఈ మూడును 1996లో నిషేధింపబడినవి. లిండేన్ వాడకము 2013లో ఆగినది. క్లోర్‌పైరిఫాస్‌ను కూడ కొన్ని మినహాయింపులతో తొలగింపవలసిన పదార్థముల పట్టికలో చేర్చుటకు 2025లో స్టాక్‌హోమ్ ఒడంబడిక సభ్యదేశములు నిర్ణయించినవి. ఇప్పుడు వాడుచున్న ఇమిడాక్లోప్రిడ్, బైఫెంత్రిన్ మొదలగునవి అంత దీర్ఘకాలము నిలుచునవి కావు. పాత మందుల ఆయుర్దాయమును క్రొత్త మందులనుండి ఆశించుట న్యాయము కాదు.

ఈ పనికి మన దేశమున ప్రమాణగ్రంథము లేకపోలేదు. ఐ.ఎస్. 6313 అను భారతీయ ప్రమాణము మూడు భాగములుగా నున్నది. మొదటిది నిర్మాణములో తీసికొనదగు జాగ్రత్తలను, రెండవది కట్టడమునకు పూర్వము చేయు రసాయన చికిత్సను, మూడవది కట్టిన ఇండ్ల చికిత్సను చెప్పును. రెండవ భాగము 1971లో వెలువడి, 1981, 2001, 2013 సంవత్సరములలో సవరింపబడినది. దీని గొప్పతనము స్పష్టతలో నున్నది. మందు ఎంత చల్లవలెనో, ఏ దశలో చల్లవలెనో అది కొలతలతో చెప్పును. గది నేల నింపిన మట్టిపై, కాంక్రీటు వేయుటకు ముందు, చదరపు మీటరుకు 5 లీటర్ల ద్రావణము కావలెను. పునాది గోడల ప్రక్క పూడ్చు మట్టికి, గోడ వైశాల్యమును బట్టి చదరపు మీటరుకు 7.5 లీటర్లు కావలెను. వాన కురియునపుడు, నేల తడిగా నున్నపుడు చల్లరాదు. త్రాగునీటి బావులలో మందు చేరకుండ చూడవలెను. తరువాత ఎవరైన త్రవ్వి ఆ పొరను చెరచినచో, ఆ చోట మరల మందు పట్టింపవలెను.

ఈ కొలతల విలువను ఒక చిన్న లెక్క చూపగలదు. విద్యార్థులు దీనిని స్వయముగా చేసి చూడవచ్చును. ఇంటి నేల 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు అనుకొందము. వైశాల్యము 100 చదరపు మీటర్లు. నేలకే 500 లీటర్ల ద్రావణము కావలెను. నూటికి 20 పాళ్ళ మూలమందును 1 పాలుగా పలుచన చేయుటకు, లీటరు మందుకు 19 లీటర్ల నీరు కలుపవలెను. అనగా 25 లీటర్ల మూలమందు కావలెను. ఒక లీటరు సీసాతో, భుజమున తగిలించుకొను తుంపర యంత్రముతో వచ్చి అరగంటలో పని ముగించినవాడు వాసన చల్లినాడే గాని రక్ష కట్టలేదు.

ప్రమాణము ఇంత స్పష్టముగా నున్నను ఆచరణ లోపభూయిష్ఠముగా నుండుటకు కారణము కలదు. ఆ గ్రంథము ఇంజనీరు కొరకు వ్రాయబడినది. సొమ్ము చెల్లించువాడు గృహస్థు. అతని చేతికి వచ్చునది లెక్కలో ఒక పంక్తియు, ఒక హామీపత్రమును మాత్రమే. కాంక్రీటు పడిన మరునాడు సాక్ష్యమంతయు కప్పబడిపోవును. కనుక హామీపత్రము కన్న, చల్లునాడు దగ్గర నిలిచి డబ్బాలను లెక్కించుట మేలు. మందును మరల కొట్టుదుమని పత్రము చెప్పుచున్నదా, చెడిన కలపకు పరిహార మిత్తుమని చెప్పుచున్నదా అనునదియు చదివి తెలిసికొనవలెను.

వేరొక లోపము ప్రమాణమును చదువు తీరులో నున్నది. రెండవ భాగమును అందరును తలతురు. మొదటి భాగమును మరతురు. సెంట్రింగు చెక్కముక్కలను నేలలో పూడ్చి వదలుట, చేవ కాక దాని చుట్టునున్న తెల్లని చెక్కతో ద్వారబంధములు చేయించుట, గోడ ప్రక్కనే నీరు నిలువనిచ్చుట ఇవి చెదలకు విందు పిలుపులు. వీనిని మానుటకు ఖర్చు స్వల్పము. అదిగాక, నేలతో సంబంధము లేక కలపలోనే కాపురముండు పొడికలప చెదలు కొన్ని కలవు. అవి పాత సామానుతో ఇల్లు చేరును. మట్టికి పట్టించిన మందు వానినేమియు చేయజాలదు.

మరి సొమ్ము చెల్లింపవలెనా? నేలపై కట్టు ఇంటికి చెల్లించుటయే యుక్తము. కట్టిన పిమ్మట చికిత్స చేయవలెనన్న గచ్చు అంచున 300 మిల్లీమీటర్లకొకటి చొప్పున రంధ్రములు తొలిచి మందు పోయవలసి యుండును. అప్పుడు ఏర్పడునవి చుక్కలు. పూర్వము చేసినచో ఏర్పడునది విడువని పొర. ఆ అవకాశము ఇంటి జీవితములో ఒక్కసారియే వచ్చును. ఎత్తైన భవనములో ఒక వాటాను కొనువాడు మాత్రము తన వాటాకు విడిగా అట్టి పొరను కట్టించుకొనజాలడు. భవనమంతటికి పునాదిలో ఏమి చేసిరో అడిగి తెలిసికొనవలెను.

అయితే కొనుచున్న దేమో ఎరిగి కొనవలెను. అది శాశ్వతరక్ష కాదు. కొన్ని సంవత్సరముల గడువు. ఆ గడువులోను, గడువు తీరిన పిదపయు, ఏడాదికొకసారి దీపము పట్టుకొని గోడల మూలలు, గడపల వెనుక భాగములు చూచి, మట్టిదారి కనబడిన వెంటనే పని చేయు గృహస్థుని కన్ను కూడ ఈ రక్షలో భాగమే. దానిని ఏ మందును భర్తీ చేయజాలదు.