స్కానింగ్ గదిలోని పనితనం

పుట్టుచెవిటి బిడ్డకు కాక్లియర్ ఇంప్లాంట్ అమరిస్తే మెప్పంతా సర్జన్‌కే దక్కుతుంది. అందులో స్కానింగ్ టెక్నీషియన్‌కూ గట్టి వాటా ఉంది. లోపలి చెవిలోని కాక్లియా రెండున్నర చుట్ల నత్తగుల్ల; అడుగున వెడల్పు దాదాపు 9 మిల్లీమీటర్లు. దాని పొడవు మనిషికీ మనిషికీ మారుతుంది కనుక ఇంప్లాంట్ ఎలక్ట్రోడ్ తీగ ఎంత లోతుకు వెళ్లాలో కొలిచే తెలుసుకోవాలి. మెనింజైటిస్ తర్వాత ఆ చుట్లు ఎముకగా గట్టిపడితే సీటీలో తెలుస్తుంది. వినికిడి నరం ఉందో లేదో ఎమ్మారై చెబుతుంది. ఇవి తెలియకపోతే ఎంత నేర్పున్న చెయ్యైనా తడుముకోవాల్సిందే.

పసివాళ్లకు రేడియేషన్ ఎందుకన్న అభ్యంతరం న్యాయమైనదే. అందుకే బిడ్డను కదలకుండా నిద్రపుచ్చి, తల వంకర లేకుండా సరిచేసి, తక్కువ మోతాదుతో ఒక్కసారికే స్పష్టమైన చిత్రం రాబట్టడం ఇక్కడ అసలు విద్య. ఆ ఒక్కసారి విలువ పేదలకే బాగా తెలుసు. పేదల వైద్య ఖర్చు భరించే ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. పథకం ఆపరేషన్ ఖర్చు భరించినా, అక్కడ వానలు మొహం చాటేసిన మెట్టపల్లె నుంచి కూలి మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు మసకబారిన స్కాన్ అంటే మరో ప్రయాణం, మరో పస్తు. పరిశోధన ఎంత ముందుకెళ్లినా ఈ పనితనం అవసరం తీరదు. కెనడాలోని సాస్కటూన్‌లో సింక్రోట్రాన్ అనే శక్తిమంతమైన ఎక్స్‌రే యంత్రంతో, దానంగా వచ్చిన చెవి ఎముకలను చిత్రించి, కాక్లియాలో ఏ స్వరం ఎక్కడ పలుకుతుందో పటం గీశారు. అంత రేడియేషన్ బతికున్న బిడ్డకు ఇవ్వలేం. ఆ పటం ఈ బిడ్డకు పనికిరావాలంటే ఆసుపత్రి సీటీలో కొలత సరిగ్గా రావాలి.